తేలిక బండికి వెనక డిఫరెన్షియల్ ఏది?

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారం. మాది తిరుపతి. అంబాసిడర్ నుంచి తీసిన 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు నా దగ్గర ఉన్నాయి. పైపులతో చాసిస్ కట్టి, రేకు బాడీతో ఇద్దరు కూర్చునే హాట్‌రాడ్ (పాత సామాన్లతో సొంతంగా కట్టుకునే వేగపు బండి) చేస్తున్నాను. బరువు 650 కిలోలు దాటనివ్వను. వెనక చక్రం ఎత్తు 26 అంగుళాలు. జీపు ఇరుసు వేస్తే జన్మలో విరగదని ఒకరు, ఆమ్నీది తేలికని ఒకరు అంటున్నారు. చిత్తూరులో అంబాసిడర్ ఇరుసు దొరుకుతోంది కానీ, పాతదని మనసొప్పడం లేదు. ఇరుసు మధ్యలో రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల అమరికను, అదే డిఫరెన్షియల్‌ను, లోపల వెల్డింగ్ చేయిస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయట. చేయించమంటారా?

జవాబు: నాయనా, నీ మనసొప్పని ఆ అంబాసిడర్ ఇరుసే నీకు కావలసింది.

జీపు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. ఇరవై ఏళ్ల కిందట చిత్తూరులో ఒకాయన తేలికపాటి బండి కట్టించుకుంటూ గట్టి ఇరుసు వేయమన్నాడు. నేనూ ‘గట్టిది’ అన్న మాటకే పడిపోయి పాత జీపుది బిగించాను. ఆ జీపుల్లో క్రౌన్ గుండు, అంటే క్రౌన్ అనే పెద్ద గేరు ఉండే ఇరుసు గుండు, మధ్యలో ఉండదు, కుడివైపుకు జరిగి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే పెట్టె) నుంచి షాఫ్టు అటువైపే వస్తుంది కాబట్టి జీపుకు అది సరిపోతుంది. నా బండిలో గేర్‌బాక్సు నడిమధ్యన ఉంది. షాఫ్టు ఏటవాలుగా పడి, షాఫ్టు చివర్ల కీళ్లయిన క్రాసులు మూడు నెలలకే లొడలొడమన్నాయి. అది ఒక బాధ. రెండోది, ఆ ఇరుసు నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. నీ 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.07 మీటర్లు పోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 643 చుట్లు తిరుగుతుంది. నాలుగో గేరులో షాఫ్టు, ఇంజిన్ ఒకే వేగంతో తిరుగుతాయనుకుంటే 5.38తో ఇంజిన్ 3,460 చుట్లు తిరగాలి. నిష్పత్తి 4 అయితే 2,570 చాలు. అరవై దాటితే ఆ చిత్తూరు ఆయనకు పక్కనున్న మనిషి మాట వినపడేది కాదు. చివరికి నా ఖర్చుతోనే విప్పాను.

ఇక ‘విరగదు’ అన్న మాట. ఇరుసు మీద పడే బలానికి హద్దు పెట్టేది టైరు పట్టు. పట్టు బరువును బట్టి వస్తుంది. 650 కిలోల బండిలో నువ్వు క్లచ్ ఒక్కసారిగా వదిలితే మొదట వెనక టైరే జారుతుంది, ఇరుసుకు అంత దెబ్బ తగలదు. అంబాసిడర్ ఇరుసు 1,100 కిలోలకు పైబడిన బండిని, అందులో ఏడెనిమిది మందిని, పైన సామాన్ల మూటలను మోసుకుని మొగిలి ఘాట్ ఎక్కింది. నీ రేకు బండి దానికి సెలవు రోజు లాంటిది. హాట్‌రాడ్లు పుట్టిన అమెరికాలోనూ ఇదే వాదన. 1957లో వచ్చిన ఫోర్డ్ 9 అంగుళాల డిఫరెన్షియల్‌కు పేరెక్కువ. తేలిక బండికి 1962 నాటి 8 అంగుళాలదే చాలంటారు తెలిసినవాళ్లు. పెద్దదానిలో పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు) బాగా కిందికి దిగి క్రౌన్‌తో కలుస్తుంది, ఆ రాపిడి కొంత శక్తిని తినేస్తుంది. పైగా అనవసరపు ఇనుము కమాన్ కట్టల కింద వేలాడుతుంటే గుంతలో తేలిక బండి కుందేలులా గెంతుతుంది.

ఆమ్నీది వద్దు. అది 796 సీసీ ఇంజిన్ కోసం చేసింది. వెడల్పు టైర్లు వేసి దానికి రెండింతలకు పైబడిన ఇంజిన్ తగిలిస్తే ఆ తేలికదనం రోడ్డు పక్కన తెలుస్తుంది.

అంబాసిడర్ ఇరుసులన్నింటికీ ఒకే నిష్పత్తి అనుకోకు, అమ్మేవాడి మాటా నమ్మకు. జేబులో సుద్దముక్క పెట్టుకుని వెళ్లు. ఇరుసును దిమ్మెల మీద పెట్టించి, ఒక వైపు డ్రమ్మును కదలకుండా ఎవరినైనా పట్టుకోమను. రెండో డ్రమ్ము మీద ఒక గీత, పినియన్ ఫ్లాంజి (షాఫ్టు బిగించే బిళ్ల) మీద ఒక గీత గీయి. డ్రమ్మును సరిగ్గా రెండు చుట్లు తిప్పు. రెండు ఎందుకంటే, ఒక వైపు ఆగినప్పుడు క్రౌన్ సగమే తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. నాలుగు చుట్లకు అటూ ఇటూగా వస్తే తీసుకో. ఐదుకు దగ్గరపడితే వదిలెయ్యి. చక్రం బిగించే హబ్బు ముఖం నుంచి అవతలి హబ్బు ముఖానికి టేపు పట్టి కొలత రాసుకోవడం మరచిపోకు. మడ్‌గార్డు ఆ కొలత మీదే కడతావు.

వెల్డింగ్ మాట మళ్లీ ఎత్తకు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఆ తేడాను సర్దడానికే డిఫరెన్షియల్ ఉంది. దాన్ని అతికించేస్తే టైరు ఈడ్చుకుపోతుంది, యాక్సిల్ రాడ్డు మెలిపడుతుంది. భాకరాపేట ఘాట్‌లో వాన పడినప్పుడు అలాంటి బండి ముక్కు తిరగదు, నేరుగా పిట్టగోడ వైపు పోతుంది.

ఇంకొక మాట, నువ్వు అడగలేదు కానీ చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మన ఇష్టానికి మార్చి రోడ్డెక్కకూడదు. రవాణా కార్యాలయంలో అడగనిదే సొంత స్థలం దాటించకు.

డబ్బు ఇచ్చే ముందు ఆయిల్ డ్రెయిన్ నట్టు విప్పించి, రెండు చుక్కలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది ఎండలో చూడు. నల్లగా ఉంటే పరవాలేదు, కొత్త గేరాయిల్ పోసుకోవచ్చు. వెండి పొడిలా మెరిస్తే క్రౌన్ పళ్లో బేరింగులో అరుగుతున్నట్టే. నట్టు విప్పనివ్వకపోతే బేరం అక్కడే ఆపు.