అడిగితే చెబుతాను: పోటు నీటి మీద మద్రాసుకు

ప్రశ్న: మా పొలాలకు తూర్పున బకింగ్‌హాం కాలువ ఉంది. నీళ్లు ఉప్పు. పైరుకు పనికిరావు, గొడ్లు తాగవు. ఇంత పొడవు కాలువ ఎవరి కోసం తవ్వినట్లు?
– ఒక రైతు, అల్లూరు మండలం

జవాబు: పైరు కోసం కాదండీ, పడవల కోసం. మన తీరం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? పొడవునా ఇసుక, విరిగిపడే అలలు. తుపాను పట్టుకుంటే నావ తలదాచుకునే చోట్లు బహు తక్కువ. అందుకని సముద్రానికి కాస్త ఇవతల, ఇసుక దిబ్బల చాటున, దానికి సమాంతరంగా ఒక నీటి బాట తీశారు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైన తవ్వకం పులికాట్ దాటి, అంచెలంచెలుగా మన తీరమంతా సాగి పెదగంజాం చేరింది. అక్కడ కృష్ణ నీటితో వచ్చే కొమ్మమూరు కాలువ దీంతో కలుస్తుంది. కృష్ణా డెల్టాలో పడవకెక్కిన బియ్యం బస్తా సముద్రం మొహం చూడకుండా మద్రాసులో దిగేదన్నమాట. దక్షిణాన మరక్కాణం దాకా లెక్కవేస్తే సుమారు 420 కిలోమీటర్లు.

ధాత కరువులో (1876–78) మద్రాసు నగరం లోపలి ముక్కను కూలికి వచ్చిన కరువు జనం చేతే తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. 1878లో కాలువకు ఆయన పేరే పెట్టారు. మట్టి తట్టలు మోసిందెవరో, పేరు దక్కిందెవరికో!

చినగంజాం వైపు కొటార్ల నుంచి ఉప్పు, శ్రీహరికోట అడవి నుంచి వంటచెరకు, అన్నీ ఈ దారినే పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. మీ ఊరి వంతెన మీద ఒక పూట నిలబడి చూడండి. పూడిక పడని చోటైతే, పోటు వేళ ఒక వైపు కొట్టుకుపోయిన కొబ్బరి డొక్క పాటు వేళ తిరిగి మీ కాళ్ల కిందికే వస్తుంది. ఆ పోటు కలిసొస్తే పడవవాళ్లకు సగం శ్రమ తగ్గేది.

1899లో బెజవాడ–మద్రాసు రైలు దారి పూర్తయ్యాక సరుకు అటు మళ్లింది. 1960లలో వచ్చిన తుపాన్లు గట్లను దెబ్బతీశాయి. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు కనుక కాగితం మీద పడవలు బాగానే తిరుగుతున్నాయి. గట్టును రొయ్యల చెరువులో కలుపుకునేవారిని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ నీరు ఊళ్ల మీదికి వచ్చినప్పుడు చాలాచోట్ల ముందు ఈ కాలువలోనే పడింది. పడమటి ఒడ్డున ఉన్న పల్లెలకు తాకిడి తగ్గింది. పనికిరాని కాలువ అని ఇకమీదట అనకండి.

ప్రశ్న: మాది తెనాలి వైపు. మా పుట్టింట్లో సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరుతుంది. అత్తవారి ఊరు కోవూరు దగ్గర. ఇక్కడ పండగ నాటికి ఇంకా పచ్చటి పైరే. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తవారు బద్ధకస్తులు కారమ్మా, వాన ఆలస్యం. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి, మన దాకా వచ్చేసరికి పలచబడతాయి. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు మధ్యే పడుతుంది. ఈశాన్య గాలులు, బంగాళాఖాతంలో వాయుగుండాలు మనకు దిక్కు. పెన్న కూడా అంతే. నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప ఎండనేలల మీదుగా 597 కిలోమీటర్లు నడిచి వచ్చే ఏరు వేసవిలో ఇసుకే చూపిస్తుంది. స్వాతి, విశాఖ కార్తెల్లో విరుచుకుపడుతుంది. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసుకుపోయింది కదా! పెన్న మీది సోమశిల జలాశయం నిండాక, నేల నానాక నాట్లు వేస్తారు. కోతలు మార్చి, ఏప్రిల్‌లలో. ఉగాదికి కొత్త బియ్యం వండి చూడండి.

ప్రశ్న: గిత్త మా ఒంగోలుది. బ్రెజిల్ వాళ్లు దాన్ని ‘నెలోర్’ అంటారేమిటి?
– ఒక పాఠకుడు, సంతనూతలపాడు

జవాబు: అలగకండి. ఆ పశువులు ఓడలెక్కిన 19వ శతాబ్దంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. ఒంగోలు కేంద్రంగా సొంత జిల్లా వచ్చింది 1970లో, దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టింది 1972లో. బ్రెజిల్‌లో ఈ జాతికి వంశావళి రిజిస్టరు 1938లోనే తెరిచేశారు. పేరు మార్చమని అర్జీ పెడతానంటే పెట్టండి, సంతకం నేనూ చేస్తాను. నేను నెల్లూరువాణ్ణి కనుక రెండో పేజీలో చేస్తాను.