పాఠకుల ప్రశ్నలు: జార్జ్ మే టోర్నీ కథ

ప్రశ్న: గోల్ఫ్ మొదటిసారి అమెరికా అంతటా టీవీలో ప్రసారమైంది 1953లోనని, ఆ రోజు చివరి షాట్‌తో ఫలితం తారుమారైందని చదివాను. ఆ టోర్నీ పేరు ఇప్పటి క్యాలెండర్‌లో కనిపించదు. అది ఏ టోర్నీ?

జవాబు: మీరు చదివింది ‘వరల్డ్ చాంపియన్‌షిప్ ఆఫ్ గోల్ఫ్’ గురించి. షికాగో శివారులోని నైల్స్‌లో, టామ్ ఒషాంటర్ కంట్రీ క్లబ్ మైదానంలో 1946 నుంచి 1957 వరకు జరిగింది. అంతకుముందే, 1941లో, అక్కడే ‘ఆల్ అమెరికన్ ఓపెన్’ మొదలైంది. రెండూ జార్జ్ ఎస్. మే పెట్టినవే. కంపెనీలకు వ్యాపార సలహాలిచ్చే సంస్థతో డబ్బు గడించిన ఆయన, కుర్రతనంలో బైబిళ్లు అమ్మి బతికాడు. అమ్మకం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. గోల్ఫ్‌నూ అలాగే జనానికి అమ్మాడు.

ఇక ఆ ఆగస్టు రోజు సంగతి. ప్రసారానికి అయ్యే ఖర్చు మే తానే భరించి ఏబీసీ టీవీ సంస్థ చేత టోర్నీని చూపించాడు. ఉన్నది ఒకే ఒక్క కెమెరా, అదీ చివరిదైన 18వ హోల్ గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వెనక. చాండ్లర్ హార్పర్ ఆ హోల్‌లో బర్డీ, అంటే హోల్‌కు నిర్ణయించిన షాట్ల కంటే ఒకటి తక్కువ, కొట్టి ఆట ముగించాడు. 1950లో పీజీఏ (ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం) చాంపియన్‌షిప్ గెలిచినవాడు. ఇక టైటిల్ ఆయనదేనని అందరూ అనుకున్నారు. మైదానంలో మిగిలింది 1947 యూఎస్ ఓపెన్ విజేత లూ వర్షమ్. ఆయన బర్డీ కొడితే సమం, ఈగిల్ (రెండు షాట్లు తక్కువ) అయితే గెలుపు. గ్రీన్‌కు సుమారు వంద గజాల దూరం నుంచి వెడ్జ్ అనే, బంతిని పైకి లేపే కర్రతో కొట్టాడు. బంతి గ్రీన్ ముందు భాగంలో పడి, దొర్లుకుంటూ పోయి నేరుగా హోల్‌లో పడింది. వర్షమ్ 278 షాట్లు, హార్పర్ 279. తక్కువ కొట్టినవాడిదే గెలుపు. వ్యాఖ్యానం చెబుతున్న జిమ్మీ డెమరెట్, తానూ మూడుసార్లు మాస్టర్స్ టోర్నీ గెలిచిన ఆటగాడే, పట్టలేని ఆనందంలో ప్రసారం సాగుతుండగానే ఒక బూతుమాట అనేశాడు. ఆ క్షణంలో నేనున్నా నోరు అదుపులో ఉండేది కాదు.

గెలిచినవారికి 25,000 డాలర్లు. అదే ఏడాది యూఎస్ ఓపెన్ గెలిచిన బెన్ హొగన్‌కు దక్కింది 5,000. మరుసటి ఏడాది మే తన బహుమతిని 50,000కు పెంచాడు. దాన్ని అందుకున్న బాబ్ టాస్కీ పొట్టిగా, బక్కపలచగా ఉండేవాడు. నగదుతోపాటు 50 ప్రదర్శన ఆటలకు ఒక్కోదానికి 1,000 డాలర్ల చొప్పున ఒప్పందం కూడా దొరికింది. 1954లో టూర్‌లో, అంటే ఆ ఏటి ప్రొఫెషనల్ టోర్నీలన్నిటిలో, అందరికంటే ఎక్కువ సంపాదించింది ఆయనే. ఒక్క వారం ఆటతో ఏడాది లెక్కే మారిపోయింది. టాస్కీ తర్వాతి కాలంలో గోల్ఫ్ నేర్పే గురువుగా పేరు తెచ్చుకున్నాడు.

ప్రశ్న: అంత డబ్బున్న టోర్నీ ఎందుకు ఆగిపోయింది?

జవాబు: ఒక్క మనిషి ఇష్టంతో నడిచింది కనుక. మే ఏం చేసినా భారీగా చేసేవాడు. మగవాళ్లకు, ఆడవాళ్లకు, ప్రొఫెషనల్స్‌కు, అమెచ్యూర్లకు వేర్వేరు పోటీలన్నీ ఒకే మైదానంలో ఆడించేవాడు. ప్యాటీ బర్గ్, బేబ్ జహారియాస్ ఇక్కడ టైటిళ్లు గెలిచారు. ప్రేక్షకులు కూర్చోవడానికి గ్యాలరీలు కట్టించాడు, స్కోర్లు వెంటవెంటనే తెలిసే ఏర్పాటు చేశాడు. గోల్ఫ్ అంటే క్లబ్ సభ్యుల వ్యవహారమని అనుకునే రోజుల్లో మామూలు జనాన్ని వేలల్లో రప్పించాడు.

ఎవరు ఆడుతున్నారో ప్రేక్షకులకు తెలియాలని ఆటగాళ్లు నంబర్లు పెట్టుకోవాలన్నాడు. చాలామందికి అది తల కొట్టేసినట్టయింది. ఈ విషయంలో నేను మే పక్షమే. దూరంగా నిలబడ్డవాడికి ఆడుతున్నది ఎవరో తెలియకపోతే వాడు టికెట్ కొన్నదెందుకు?

అయితే నియమాలు పెట్టే అధికారం ఆటగాళ్ల సంఘమైన పీజీఏది, డబ్బు పెట్టే చెయ్యి మేది. ఆ రెంటికీ పొసగలేదు. 1957లో డిక్ మేయర్ విజేత. అదే ఏడాది యూఎస్ ఓపెన్ కూడా గెలిచినవాడు. ఆ తర్వాత మే, పీజీఏతో గొడవపడి, టోర్నీలన్నీ ఒక్కసారిగా ఎత్తేశాడు. బాధ్యత అందుకోవడానికి వెనక ఇంకో సంస్థ లేదు, ఊరి కమిటీ లేదు. మే 1962లో చనిపోయాడు. 1964, 1965 సంవత్సరాల్లో వెస్టర్న్ ఓపెన్ టోర్నీ ఈ మైదానానికి వచ్చింది. తరువాత స్థలంలో కొంత పరిశ్రమల పాలైంది. ఇప్పుడు మిగిలింది తొమ్మిది హోళ్ల మైదానం, స్థానిక పార్కుల విభాగం చేతిలో ఉంది.

ప్రశ్న: డబ్బు, హంగామా తప్ప ఆ టోర్నీలో గుర్తుపెట్టుకోవలసింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. వర్షమ్ షాట్ కంటే అదే ముఖ్యమని నా నమ్మకం.

1942 వేసవిలో షికాగోలోనే రిడ్జ్‌మూర్ క్లబ్‌లో, యుద్ధం వల్ల రద్దయిన యూఎస్ ఓపెన్‌కు బదులుగా ‘హేల్ అమెరికా’ టోర్నీ జరిగింది. నల్లజాతి ఆటగాళ్లను అందులోకి రానివ్వలేదు. ఆ తర్వాత కొద్ది వారాలకే మే తన ఆల్ అమెరికన్ ఓపెన్ తలుపులు వారికి తెరిచాడు. పేరులో ‘ఆల్ అమెరికన్’ అని పెట్టుకున్నందుకు ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాతి ఏళ్లలో టెడ్ రోడ్స్, బిల్ స్పిల్లర్, చార్లీ సిఫోర్డ్ అక్కడ ఆడారు. బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ జో లూయిస్ అమెచ్యూర్ పోటీలో దిగాడు.

అదెంత అరుదైన విషయమో తెలియాలంటే 1948లో రిచ్‌మండ్ ఓపెన్‌లో జరిగింది చూడాలి. రోడ్స్, స్పిల్లర్ అంతకుముందు లాస్ ఏంజెలెస్ ఓపెన్‌లో బాగా ఆడి అర్హత సాధించారు. అయినా పీజీఏ నియమావళిలో తెల్లవారికే సభ్యత్వం అన్న నిబంధన ఉండటంతో వారిని ఆడనివ్వలేదు. కేసు వేశారు. కోర్టు బయట రాజీ కుదిరింది. ఇకపై వివక్ష చూపబోమని సంఘం మాట ఇచ్చింది, కానీ టోర్నీలకు ‘ఆహ్వానితులకే’ అని పేరు మార్చుకోవడం మొదలైంది. పిలవకపోతే చాలు, ఆపనక్కర్లేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండే సంగతి ఇది. ఆట చేతకాదని ఎవరూ అనలేదు, రంగు చూసి గేటు దగ్గరే ఆపేశారు. ఆ నిబంధన తొలగింది 1961లో. అప్పటికి స్పిల్లర్ వయసు 48. రోడ్స్ మంచి వయసూ దాటిపోయింది.

సిఫోర్డ్ మాత్రం నిలబడ్డాడు. 1967లో గ్రేటర్ హార్ట్‌ఫర్డ్ ఓపెన్ గెలిచాడు, అప్పుడు ఆయన వయసు 45. ఆయనలాంటివారికి ఏటా పెద్ద ఆటగాళ్లతో తలపడే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న కాలంలో, వాటిలో ఒకటి మే మైదానం. అమెరికన్ గోల్ఫ్ చరిత్ర రాసేవారు 25,000 డాలర్ల గురించి ఒక పేజీ రాస్తే, 1942 గురించి రెండు పేజీలు రాయాలని కోరుకుంటాను.