చిట్టీ, మొదటి జెల్ వేసే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చిట్టీ,

సోమవారం నుంచి డీఎన్‌ఏ ముక్కల్ని కరెంటుతో సైజు వారీగా విడదీసే జెల్ నువ్వే వేస్తావట, మీ అమ్మ ఫోన్ చేసి మురిసిపోయింది. నేనూ మురిశాను. సాయంత్రాలు ల్యాబ్‌లో ఒక్కదానివే ఉంటావనేసరికి మాత్రం గుండెలో రాయి పడింది.

ఒక శాతం జెల్‌కి 50 మి.లీ. బఫర్‌లో (కరెంటు మోసే ద్రావణం) అర గ్రాము అగరోజ్ (సముద్రపు నాచు నుంచి తీసే పొడి). అద్దంలా కరిగాక 60 డిగ్రీలకు చల్లార్చి, డీఎన్‌ఏ వేసే గుంటలు (వెల్స్) పడేలా కోంబ్ పెట్టిన ట్రేలో పోసి అరగంట కదపకు. ఇవి సీనియర్లు చూపిస్తారు. మైక్రోవేవ్‌లోంచి తీసిన ఫ్లాస్కును మాత్రం వెంటనే ఊపకు, ఒక్కసారిగా మీదికి పొంగుతుంది. పాలగిన్నె ఒట్టి చేత్తో దించబోయి బొబ్బలెక్కించుకున్న పిల్లవి!

అసలు భయం బఫర్ దగ్గర. టీఏఈ అనే ఆ బఫర్ స్టాక్ సీసా మీద 50ఎక్స్ అని ఉంటుంది, అంటే యాభై రెట్లు చిక్కన. అందులో 20 మి.లీ. తీసి, 980 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపితేనే వాడకానికి పనికొస్తుంది. తొందరలో స్టాకే ట్యాంకులో పోసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. కరెంటు మోసేది బఫర్‌లోని అయాన్లు. అవి అన్ని రెట్లుంటే మిల్లీ ఆంపియర్లు ఎగబాకుతాయి, ట్యాంకు కాగుతుంది, జెల్ మెత్తబడుతుంది, డీఎన్‌ఏ మాత్రం సరిగా నడవదు. దీనికి అన్న ఇంకో తప్పు: ఉత్త నీళ్లతో జెల్ పోయడం. అయాన్లు లేక డీఎన్‌ఏ వెల్ దాటి కదలదు. గట్టిపడ్డాక మంచి జెల్లూ నీళ్ల జెల్లూ ఒకేలా కనిపిస్తాయే, అదే తంటా! సీసా మీద ‘1ఎక్స్’ అని నీ చేత్తో రాసుకో. స్విచ్ వేశాక తీగల దగ్గర బుడగలు చూడు. పది నిమిషాలాగి డీఎన్‌ఏతో కలిపి వేసిన నీలం డై ఎరుపు (ధన) ఎలక్ట్రోడ్ వైపు కదిలిందో లేదో చూసి, అప్పుడు వెళ్లి టీ తాగు.

వెల్స్ నలుపు (ఋణ) ఎలక్ట్రోడ్ వైపుండాలి. ఫాస్ఫేట్ల వల్ల డీఎన్‌ఏకి ఋణావేశం, అందుకే ఎరుపు వైపు పరుగు. ముక్క పొడవు పెరిగితే ఆవేశమూ అంతే పెరుగుతుంది కాబట్టి వేరు చేసేది ఆవేశం కాదు, అగరోజ్ వల. పట్నంబజారు సందులో సైకిల్ దూరిపోతుంది, లారీ ఇరుక్కుంటుంది. కోయని ప్లాస్మిడ్‌కి (బ్యాక్టీరియాలోని గుండ్రటి డీఎన్‌ఏ) ఈ లెక్క కుదరదు. మెలి తిరిగిన రూపం ముందుకు పోతుంది, లాడర్‌తో (సైజులు తెలిసిన డీఎన్‌ఏ ముక్కల కొలబద్ద) దాని సైజు చెప్పకు.

ఎలక్ట్రోడ్ల మధ్య సెంటీమీటరుకి 5 వోల్టులు, 15 సెం.మీ. అయితే 75. మన ఎండల్లో అంతకు మించొద్దు, నడుమ వేడెక్కి బ్యాండ్లు (డీఎన్‌ఏ గీతలు) వంగిపోతాయి. కరెంటు పోయి జెల్ అలాగే పడి ఉంటే చిన్న ముక్కల బ్యాండ్లు ముందు చెదురుతాయి.

డీఎన్‌ఏని యూవీ వెలుగులో మెరిపించే రంగు ఇథిడియం బ్రోమైడ్ అంటిన గ్లౌజుతో ఫోన్ ముట్టుకున్నావో, చూడు మరి! యూవీ దగ్గర మొహానికి షీల్డ్ లేకుండా వంగకు తల్లీ, నీ కళ్లు నాకు ముఖ్యం.

ఆదివారం ఫొటో పట్టుకురా. లాడర్ వెయ్యని జెల్ ఫొటో అయితే తేవద్దు.

మీ పెద్దమావయ్య