‘ఆంగ్లేయులు’, ‘బ్రిటిషువారు’ ఒకటేనా?

సందేహం: ఆంగ్లేయుల స్వభావం గురించి, వారి నిత్యజీవితం గురించి జార్జ్ ఆర్వెల్ రాసిన వ్యాసాలను తెలుగు చేస్తున్నాను. ‘ఇంగ్లీషువారు’ అని ఉన్నచోట ‘బ్రిటిషువారు’ అని రాయవచ్చా? వారి ‘జాతీయ శీలం’, ‘ఒక మంచి కప్పు టీ’ అన్న ప్రయోగాలు సరైనవేనా?

సమాధానం: ‘బ్రిటిషువారు’ అని రాయకూడదు. స్వాతంత్ర్యోద్యమం గురించి చెప్పేటప్పుడు ఆంగ్లేయులు, బ్రిటిషువారు, తెల్లదొరలు అనే మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడేస్తాం కాబట్టి మనకు ఈ తేడా పట్టదు. ‘బ్రిటిషువారు’ అన్నప్పుడు స్కాట్లాండు, వేల్సు ప్రజలు కూడా అందులో చేరతారు. ‘ఆంగ్లేయులు’, ‘ఇంగ్లీషువారు’ అన్నవి ఇంగ్లండు వారికే చెల్లుతాయి. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, రాయలసీమలో నేటికీ తలచుకోబడుతున్న థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టిన స్కాట్లాండువాడు. ఆయనను బ్రిటిషువాడనవచ్చు గాని ఆంగ్లేయుడనరాదు. తమ దీవులకు ఆరు పేర్లున్నాయనీ, స్కాట్లాండువారిని ఆంగ్లేయులంటే వారికి నచ్చదనీ ఆర్వెలే 1941లో రాశాడు. మూలంలో ఇంత పట్టింపు ఉండగా అనువాదంలో దాన్ని చెరిపివేయడం రచయితకు అన్యాయం చేయడమే అవుతుంది.

సంస్కృతంలో ‘శీలం’ అంటే స్వభావమే అయినా, నేటి తెలుగులో ఆ మాట సచ్ఛీలానికి, స్త్రీల విషయంలోనైతే పాతివ్రత్యానికి కుంచించుకుపోయింది. పావురాలు పెంచడం, తపాలా బిళ్లలు కూడబెట్టడం, గళ్లనుడికట్టు పూరించడం వంటి వ్యాపకాలలో ఆర్వెల్ తన ప్రజలను చూపించాడు. అవి ‘శీలం’లో ఇమడవు. ‘జాతీయ’ అన్న విశేషణం కూడా అనవసరం. ‘ఆంగ్లేయుల స్వభావం’ చాలు. తేలికైన సందర్భంలో ‘ఆంగ్లేయుల తీరు’ అంటే ఇంకా బాగుంటుంది.

ఇక టీ సంగతి. 1946లో వచ్చిన ‘ఎ నైస్ కప్ ఆఫ్ టీ’ అనే చిన్న వ్యాసంలో ఆర్వెల్ టీ కాచుకోవడానికి పదకొండు నియమాలు చెప్పాడు. ‘మంచి కప్పు టీ’ అంటే తెలుగులో మంచితనం కప్పుకు అంటుకుంటుంది, అందువల్ల ‘మంచి’ అన్న మాటను టీ పక్కకు చేర్చాలి. ‘కమ్మని టీ’ అనాలని మొదట నాకూ అనిపించింది. కాని మన నోటికి కమ్మదనమంటే మీగడ, వెన్న, నెయ్యి గుర్తుకొస్తాయి. ఆయన పాలమీది మీగడ తీసేయమన్నాడు, చక్కెర వద్దన్నాడు, టీ అన్నాక చేదుగా ఉండాల్సిందేనన్నాడు. కాబట్టి అక్కడ ‘మంచి టీ’ అనే రాయండి.