పోస్ట్‌మార్టం లేకుంటే పాముకాటు బీమా పోయినట్టేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నిరుడు ఆగస్టులో పత్తి చేనులో నాయనను పాము కరిచింది. సర్కారు దవాఖానలో మందు ఎక్కిస్తుండగానే పోయాడు. ‘కోయించి ఇంకా బాధ పెట్టొద్దు’ అని అమ్మ ఏడిస్తే, పోలీసులకు చెప్పకుండానే దహనం చేశాం. ఏటా 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. పోస్ట్‌మార్టం రిపోర్టు లేదని మార్చిలో క్లెయిమ్ తిరస్కరించారు. అమ్మకు ఒకటే టెన్షన్. తెలిసిన డాక్టరు పాత తేదీ వేసి పోస్ట్‌మార్టం సర్టిఫికెట్ ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ కాగితం ముట్టుకోవద్దు. శవ పంచనామా లేకుండా, మార్చురీ రిజిస్టర్లో నంబరు లేకుండా పోస్ట్‌మార్టం ఎక్కడ జరిగిందని అడిగితే ఏం చెప్తారు? బీమా సొమ్ము రెండు లక్షలూ పోతాయి, మీరూ ఆ డాక్టరూ ఫోర్జరీ కేసులో ఇరుక్కుంటారు.

పోలీసులకు చెప్పకపోవడం మీ తప్పే. జంతువు వల్ల చావు జరిగినా విచారణ చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194వ సెక్షన్ చెప్తుంది. పాతిపెట్టి ఉంటే మేజిస్ట్రేట్ తవ్వించి పరీక్ష చేయించే వీలుండేది. మీరు దహనం చేశారు. కోత అంటే అవమానం కాదని అమ్మకు ఆ రోజే ఎవరైనా చెప్పాల్సింది.

అయినా మీ కేసు తేలేది పోస్ట్‌మార్టం మీద కాదు. నాయన దవాఖానలో పోయాడు, అదే మీకు బలం. ఈ పథకం నిబంధనల్లోనే పాముకాటుకు వెంటనే రాసిన ఆస్పత్రి రికార్డు ఆధారం కావాలని ఉంది. అందుకే కేసు షీట్ తెచ్చుకోండి. కాటు గుర్తులు, ఎన్ని సీసాల విరుగుడు ఎక్కించారు, రక్తం 20 నిమిషాల్లో గడ్డకట్టిందా లేదా (పాము విషం ఎక్కిందా అని చూసే పరీక్ష), చావుకు కారణంగా ఏం రాశారు, అన్నీ చూడండి. ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసులు రాసే) రిజిస్టర్లో పేరుందేమో కూడా అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో కాపీలివ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్లే దాచాలన్న నిబంధన ఉంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. చేనులో నాయనతో ఉన్న ఇద్దరి వాంగ్మూలాలు అఫిడవిట్‌గా రాయించండి.

వీటితో ముందు బీమా కంపెనీకే మళ్లీ రాయండి, రసీదు దాచుకోండి. నెలలో జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు, ఖర్చు లేదు. లేదంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. తిరస్కరణ తేదీ నుంచి అని వాదించొచ్చు గానీ, మీరు మాత్రం చావు తేదీ నుంచే లెక్కేసుకుని వచ్చే ఏడు ఆగస్టులోపు వేసేయండి.