గారాబానికీ అనునయానికీ మధ్య ‘మాత్రం’

సందేహం: మా కాలనీ వార్షిక సంచిక కోసం పిల్లల పెంపకం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. జెంటిల్ పేరెంటింగ్‌కి ‘గారాబపు పెంపకం’ అనీ, పర్మిసివ్ పేరెంటింగ్‌కి ‘అనుమతించే పెంపకం’ అనీ రాశాను. అది చదివి మా అత్తగారు ‘రెండూ ఒకటే కదమ్మా’ అన్నారు. సరైన మాటలు చెబుతారా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అత్తగారి చెవి చురుకైనది. ముందు ‘అనుమతి’ సంగతి తేల్చేద్దాం. అనుమతి అంటే ఒకరు అడగాలి, ఇంకొకరు ఇవ్వాలి. పర్మిసివ్ ఇంట్లో అడిగేదెవరు? పిల్లాడు ఫ్రిజ్ తీసి ఐస్‌క్రీమ్ డబ్బా ముందేసుకుంటాడు, తల్లి చూసి ‘పోనీలే’ అనుకుంటుంది. పర్మిసివ్ అన్నదాన్ని పెంపకంలో ఒక రకంగా లెక్కగట్టింది అమెరికన్ మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్, 1960లలో. ఆవిడ లెక్కలో ఈ తల్లిదండ్రులకు ప్రేమలో లోటు లేదు, అదుపు దగ్గరే చేతులెత్తేస్తారు. (అసలు పట్టించుకోనివాళ్లది వేరే రకం. దాన్ని 1983లో మరో ఇద్దరు చేర్చారు. కాబట్టి ‘పట్టీపట్టని పెంపకం’ అని కూడా రాయకండి.) ప్రేమ నిండుగా ఉండి అదుపు లేకపోవడాన్ని మన ఇళ్లల్లో ఏమంటారు? గారాబమనే అంటారు. జెంటిల్ అంటే పిల్లల బాధను ఒప్పుకుంటూనే హద్దు నిలపడం. మీరు గారాబాన్ని తీసుకెళ్లి దాని పక్కన పెట్టారు.

అయినా మీ పొరపాటు నాకు ముచ్చటగానే ఉంది. గారాబం పుట్టింది గౌరవం నుంచి. సంస్కృత గౌరవం ప్రాకృతంలో గారవం అయింది, అదే తెలుగులో గారాబమైంది. పాత తెలుగులో ‘గారవించు’ అంటే ఆదరించడం, మన్నించడం. పిల్లల్ని మన్నించడమన్నది మనకేం కొత్త కాదు. కొడుకుని ‘నాన్నా’ అనీ, కూతుర్ని ‘అమ్మా’ అనీ పిలుస్తూనే ఉన్నాం కదా! అయితే మాట పుట్టినచోటే ఉండిపోదు. ఇవాళ ‘వాణ్ని గారాబం చేశారు’ అంటే వాడు చెడ్డాడని వేరే చెప్పక్కర్లేదు. తెలంగాణలో ‘గారం చేయకు’ అని ఏకంగా పిల్లలనే కసురుతారు.

లాలనది ఎదురు ప్రయాణం. ‘లాలయేత్ పంచవర్షాణి’ శ్లోకం మీ అత్తగారికి వచ్చే ఉంటుంది. ఐదేళ్లు లాలించు, పదేళ్లు దండించు, పదహారు వచ్చాక స్నేహితుడిలా చూడు అంటుంది. ఆ వరసలోదే ఇంకో శ్లోకం లాలనలో దోషాలే ఎక్కువని తేల్చేసింది. తెలుగులో మాత్రం లాలనకు ఏ మచ్చా అంటలేదు, లాలన పాలన అని జంటగా హాయిగా వాడుకుంటున్నాం. కానీ ఆ మాట వినగానే ఉయ్యాల కళ్ల ముందు కదులుతుంది. పదేళ్ల పిల్లాడికి అతకదు.

జెంటిల్‌కి నేనైతే ‘అనునయం’ ఎంచుకుంటాను. ‘సున్నితమైన పెంపకం’ అంటే పిల్లల్ని సుకుమారంగా పెంచడమన్న అర్థం వచ్చే ప్రమాదం ఉంది. అనునయంలో ఉన్న ధాతువు ‘నీ’, అంటే నడిపించడం. నాయకుడు, వినయం దాని నుంచి వచ్చినవే. బుజ్జగింపులో ఏడుపు ఆపడమే పని. అనునయంలో వెంట నడిపించుకెళ్లడం కూడా ఉంది.

ఇంత చెప్పినా తేడా నామవాచకంలో పూర్తిగా దొరకదు, వాక్యంలో దొరుకుతుంది. రాత్రి తొమ్మిదిన్నర, ఐదేళ్ల పిల్ల ఫోన్ వదలడం లేదు. ఒక ఇంట్లో ‘నోర్మూసుకుని పడుకో’. పక్కింట్లో ‘ఏడవకు తల్లీ, పోనీలే, ఇంకొక్క వీడియో చూసుకో’. మూడో ఇంట్లో ‘ఇంకా చూడాలనుందా అమ్మా? ఏడుపొస్తే ఏడువు, నేను పక్కనే ఉంటా. ఫోన్ మాత్రం రేపే’.

రెండో తల్లిదీ మూడో తల్లిదీ ఒకటే గొంతు, ఒకటే ముద్దు. రెండో వాక్యాన్ని ‘పోనీలే’ కిందికి లాగేసింది, మూడోదాన్ని ‘మాత్రం’ నిలబెట్టింది. మాత్ర అంటే కొలత. ఛందస్సులో లెక్కపెట్టేదీ అదే. ఆ మాటకు ముందున్నదంతా పిల్ల బాధను ఒప్పుకోవడం, తర్వాతది హద్దు. ఆ హద్దును కసురుతూ చెబితే మూడో ఇల్లు మొదటి ఇల్లయిపోతుంది. మర్నాడు టెన్షన్‌గా ఉండి ‘సరేలే, తీసుకో’ అన్నారా, రెండో ఇల్లే.

కాబట్టి జెంటిల్‌ని ‘అనునయపు పెంపకం’ అనీ, పర్మిసివ్‌ని ‘అతిగారాబపు పెంపకం’ అనీ రాయండి. తద్భవం ముందు ‘అతి’ ఏమిటని పండితులెవరైనా నొసలు చిట్లిస్తే, ‘అతితెలివి’ని చూపించండి. ‘అనునయ పెంపకం’ అనకండి, పుంప్వాదేశ సంధి ఉంది కదా. వ్యాసం మొదట్లో ఒకసారి జెంటిల్ పేరెంటింగ్ అని తెలుగు లిపిలోనే రాస్తే తప్పేం లేదు, ఎలాగూ అందరూ ఆ మాటే అంటున్నారు. అచ్చుకిచ్చే ముందు మళ్లీ మీ అత్తగారికి చదివి వినిపించండి.