‘మరి అరవలేదా?’ అని మాత్రం అడగకండి

రెండేళ్ల క్రితం తనపై జరిగిన లైంగిక దాడి గురించి మీ స్నేహితురాలు ఇప్పుడు చెప్పిందని, కంట తడి పెట్టకుండా ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పిందని, ఆమెకు ఎలా తోడుండాలో తెలియడం లేదని మీరు రాశారు. నేను వైద్యురాలిని కాను. మా పిన్ని కూతురు ఇటువంటి దాడి తరువాత ఏడాదికి పైగా మా ఇంట్లో ఉంది. ఆ కాలంలో తెలుసుకున్నవే చెబుతున్నాను.

ఆమె చెప్పడం ముగించగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, ‘మరి అరవలేదా?’ అనుమానంతో అడగలేదు, గాబరాలో నోటికి వచ్చింది. అయినా ఆ తరువాత నాలుగు నెలల పాటు ఆమె నా దగ్గర ఆ ప్రస్తావన తేలేదు. ప్రాణభయం ముంచుకొచ్చినప్పుడు శరీరం ఎదురు తిరగడమో పారిపోవడమో మాత్రమే కాక కొయ్యబారిపోవడం కూడా జరుగుతుందని, అప్పుడు గొంతు పెగలదని, చేతులు కదలవని, అది మనిషి తీసుకున్న నిర్ణయం కాదని మానసిక వైద్యురాలు వివరించిన రోజున నాకు నా ప్రశ్న ఎంత క్రూరమైనదో అర్థమైంది. జ్ఞాపకం కూడా అటువంటిదే: ఫ్యాను చప్పుడు స్పష్టంగా గుర్తుంటుంది, ఏది ముందు జరిగిందో ఏది తరువాతో చెప్పలేరు. పోలీసు ఠాణాలో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు సైతం ఒంటిపై గాయాలు లేకపోవడాన్ని ఒక కారణంగా చూపి, నిందితులైన పోలీసులను విడిచిపెట్టింది. శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టంలో స్పష్టంగా రాయడానికి 2013 దాకా పట్టింది. మన ఇళ్లలోకి ఆ మాట ఇంకా రాలేదు.

మీ స్నేహితురాలు ఏడవకపోవడాన్ని కోలుకున్నట్టుగా భావించకండి. మనసు మొద్దుబారడం కూడా ఆ గాయపు లక్షణమే. మా చెల్లి పగలంతా మామూలుగా ఉండి, రాత్రి దీపం ఆర్పనిచ్చేది కాదు, కుక్కర్ కూతకు ఉలిక్కిపడేది. ‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అన్న పెద్దల మాట ఆమెను మరింత కుంగదీసింది.

‘నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, తప్పు నీది కాదు’ అని ఒకసారి కాదు, అనేకసార్లు చెప్పండి. వివరాలు రాబట్టకండి. ఓదార్చడానికి భుజం మీద చేయి వేసే ముందు కూడా అడగండి. ఆమె అనుమతి లేకుండా ఇంట్లో ఎవరికీ చెప్పకండి, ఎందుకంటే ఆ రోజు ఆమె చేతిలో లేకుండా పోయినది ఎంచుకునే హక్కే కనుక, మనం మంచి కోరి చేసినా సరే, దాన్ని మళ్లీ లాక్కోకూడదు. ఫిర్యాదు విషయమూ అంతే: అత్యాచార నేరానికి కాలపరిమితి లేదు, తొందరపెట్టవలసిన పని లేదు. ఆమెకు 18 ఏళ్లు నిండకపోతే మాత్రం, తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి.

ఆమె సరే అంటే మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయవచ్చు. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసహాయం ఒకేచోట అందేలా సఖి కేంద్రాలు ఉన్నాయి, హైదరాబాదులో భరోసా కేంద్రం ఉంది. చనిపోవాలనిపిస్తోందని ఆమె అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్యుల వద్దకు తీసుకువెళ్లండి. మానసిక సహాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416లో ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులో మాట్లాడతారు. వింటూ వింటూ మీకే నిద్ర కరవైతే మీరు కూడా ఆ నంబరుకు చేయవచ్చు, నేను చేశాను.